విమానావతరణము: రాడారు పర్యవేక్షణ, భద్రత

ప్రయాణికుల విమానము ఉన్నతాకాశమునందలి తన ప్రయాణస్థాయిని విడిచి రన్‌వేను చేరువరకు జరుపు అవరోహణమునందు, భూమిపై నుండు నియంత్రణాధికారి దాని దిశను, దూరమును, ఎత్తును ఎప్పటికప్పుడు గమనించుచు, ఇతర విమానములతో గాని, కొండలతో గాని, కట్టడములతో గాని దానికి సంఘర్షణము కలుగకుండ నడిపించు విధానమునకు రాడారు పర్యవేక్షణ యని పేరు. ఈ మూడు కొలతలలో దిశను, దూరమును విమానాశ్రయపు రాడారు స్వయముగా గ్రహింపగలదు. ఎత్తును మాత్రము అది గ్రహింపజాలదు, విమానమే చెప్పవలెను. అవతరణకాలమున జరిగిన మహాప్రమాదములను పరిశీలించినచో, ఎత్తు తెలియకపోవుటయో, తెలిసినదనుకొన్న ఎత్తు నిజము కాకపోవుటయో, ఎత్తునుగూర్చిన హెచ్చరిక వినబడకపోవుటయో పెక్కింటియందు కానవచ్చును. కావున ఈ వ్యాసమున ఆ మూడవ కొలతకే అధికస్థాన మీయబడినది.

హైదరాబాదు నగరమునకు ఈ విషయముతో రెండువిధములైన సంబంధము కలదు. మొదటిది బేగంపేట విమానాశ్రయము వలన కలిగినది. నిజాము పరిపాలనలో 1930 దశాబ్దమున రూపొందిన ఆ విమానాశ్రయము, 2008 మార్చి 23వ తేదీన శంషాబాదులో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునుండి రాకపోకలు మొదలగువరకు నగరపు పౌరవిమానయానమునకు కేంద్రమై యుండెను. దాని రన్‌వే తూర్పుపడమరలుగా నున్నది. విమానము గాలికి ఎదురుగా దిగుట నియమము గనుక, పడమటిగాలులు వీచు నైరృతి ఋతుపవన మాసములలో విమానములు తూర్పుదిక్కునుండి మల్కాజిగిరి, లాలాగూడ, సికింద్రాబాదుల మీదుగా వచ్చి దిగుచుండెను. తార్నాకనుండియు, దానిని ఆనుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండియు ఉత్తరదిశగా చూచువారికి అవి చక్రములు దించుకొని, నేలకు సుమారు 300 మీటర్ల ఎత్తున సాగుట స్పష్టముగా కనబడుచుండెను. అచ్చటినుండి రన్‌వే అంచునకు దూరము ఆరు కిలోమీటర్ల కంటె ఎక్కువ లేదు. 3 డిగ్రీల అవరోహణపథమున అంత దూరమునకు ఆ ఎత్తే సరియైనది. రెండవ సంబంధము విశ్వవిద్యాలయమునందే యున్నది. 1982లో భారతప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖవారి సహాయమున అచ్చట స్థాపింపబడిన నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన శిక్షణ కేంద్రము, విమానముల స్థాననిర్ణయమునకు ఉపగ్రహములను వినియోగించుటలో ఈ దేశపు ఆకాశము కలిగించు ప్రత్యేకక్లేశములను పరిశోధించుచున్నది. ఆ పరిశోధనయు తుదకు ఎత్తును సరిగా తెలిసికొనుటకు సంబంధించినదే యగుట ముందు విశదము కాగలదు.

రాడారు స్వభావము

రేడియోతరంగములు లోహవస్తువులను తాకి తిరిగివచ్చుననియు, ఆ ప్రతిధ్వని వలన వస్తువు ఉనికిని కనుగొనవచ్చుననియు జర్మను ఇంజనీరు క్రిస్టియన్ హుల్స్‌మయర్ 1904లోనే ఓడల విషయమున నిరూపించెను. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ సమీపమున రాబర్ట్ వాట్సన్-వాట్ జరిపించిన ప్రయోగముతో విమానమును గుర్తించుట సాధ్యమని తేలెను. పిమ్మట వచ్చిన ప్రపంచయుద్ధము దానిని కొలదికాలములోనే పరిపక్వమొనరించెను. తరంగము సెకనునకు మూడులక్షల కిలోమీటర్లు పోవును గనుక, ప్రతిధ్వని చేరుటకు పట్టిన ప్రతి మైక్రోసెకనునకు 150 మీటర్ల దూరమును లెక్కింపవలెను. ప్రసారిణి ఏ దిక్కునకు తిరిగియున్నప్పుడు ప్రతిధ్వని వచ్చెనో అదియే విమానమున్న దిశ. అయితే ఈ ప్రసారిణి పంపు కిరణపుంజము అడ్డముగా మిక్కిలి సన్ననిదై, నిలువుగా మిక్కిలి విశాలమై యుండును. ఆకాశమును నేలనుండి పైవరకు ఒక్కసారిగా తడవవలెనన్నచో అట్లుండక తప్పదు. ఆ విశాలత వలననే విమానము పుంజమునందు ఏ ఎత్తున నున్నదో తెలియకపోవును. ప్రాథమిక రాడారునందలి ఈ లోపము యంత్రదోషము కాదు, దాని ప్రయోజనముతోడనే పుట్టిన పరిమితి.

విమానాశ్రయ సమీపమున వాడబడు ప్రాథమిక రాడారు సుమారు 60 నాటికల్ మైళ్ల పరిధిలో పనిచేయును. అది నాలుగైదు సెకనులకొకమారు చుట్టివచ్చును. దక్కనుపీఠభూమి వంటి ప్రదేశమున దానికి మరియొక చిక్కు కలదు. మౌలాలి గుట్టవలె సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడి లేచిన నల్లరాతి గుట్టలును, నగరమునందలి ఎత్తైన భవనములును విమానము కంటె బలమైన ప్రతిధ్వనుల నిచ్చును. కదలుచున్న వస్తువునుండి వచ్చు తరంగముయొక్క ఆవృత్తి డాప్లర్ నియమానుసారము మారును గనుక, మారని ప్రతిధ్వనులను తొలగించి మారినవానిని మాత్రమే తెరపై చూపు ఉపాయమును ఇంజనీర్లు కనుగొనిరి. ఇంకొక పరిమితిని ఏ ఉపాయమును తొలగింపజాలదు: రాడారు తరంగము ఇంచుమించు సరళరేఖలో పోవుటచేత, భూగోళపు వంపు క్రింద దాగినదానిని అది చూడజాలదు. 300 మీటర్ల ఎత్తుననున్న విమానము సుమారు 70 కిలోమీటర్ల దూరమువరకే సమతలప్రదేశమున గోచరించును. కొండలు అడ్డమున్నచో అంతయు గోచరింపదు. విమానము దిగినకొలది రాడారునకు దాని దర్శనము దుర్లభమగుచుండును, అపాయము మాత్రము అధికమగుచుండును.

ఎత్తును తెలుపు ఏర్పాటు ద్వితీయ రాడారు. ఇది ప్రతిధ్వనికై వేచియుండక, 1030 మెగాహెర్ట్జ్ ఆవృత్తిపై విమానమును ప్రశ్నించును. విమానమునందలి ట్రాన్స్‌పాండర్ 1090 మెగాహెర్ట్జ్‌పై బదులిచ్చును. ప్రశ్నయందలి రెండు స్పందనల నడుమ 8 మైక్రోసెకనుల వ్యవధియున్నచో విమానము తన గుర్తుసంఖ్యను, 21 మైక్రోసెకనులున్నచో తన ఎత్తును తెలుపును. నాలుగంకెల గుర్తుసంఖ్యలు 4,096 మాత్రమే కలవు. వానిలో 7500 విమానాపహరణమునకు, 7600 రేడియో చెడిపోవుటకు, 7700 ఆపత్తునకు ప్రపంచమంతటను ప్రత్యేకింపబడినవి. ఎక్కువ విమానములకు అవకాశమిచ్చు ఎస్ పద్ధతియందు ప్రతివిమానమునకును 24 బిట్ల స్థిరసంఖ్య యుండును. విమానము పంపు ఎత్తు వాయుపీడనమును బట్టి, అనగా 1013.25 హెక్టోపాస్కల్‌ల ప్రామాణికపీడనమును ఆధారముగా గొని, లెక్కింపబడినది. నేలపై గణకయంత్రము స్థానికపీడనమును చేర్చి దానిని సవరించును. పాతపద్ధతిలో ఈ సమాచారము 100 అడుగుల మెట్లుగా వచ్చుచుండగా, ఎస్ పద్ధతిలో 25 అడుగుల మెట్లుగా వచ్చుచున్నది. గంటకు 260 కిలోమీటర్ల వేగముతో దిగుచున్న జెట్ విమానము, రాడారు ఒక చుట్టు తిరిగి వచ్చులోపల ముప్పాతిక కిలోమీటరులో సగమునకు దగ్గరగా ముందుకు సాగి, 15 మీటర్లకు తక్కువగాక క్రిందికి దిగును. నియంత్రణాధికారి తెరపై చూచునది ఎల్లప్పుడు కొద్దిగా గతించిన విషయమే యని గ్రహింపవలెను.

అవతరణక్రమము

మార్గమధ్యమున విమానముల నడుమ 5 నాటికల్ మైళ్లు, విమానాశ్రయ సమీపమున 3 నాటికల్ మైళ్లు రాడారు సహాయమున పాటింపబడు సాధారణ వ్యవధానము. లేదా నిలువుగా 1,000 అడుగులు. భారీవిమానము వెనుక ఏర్పడు గాలిసుడులు చిన్నవిమానములను తలక్రిందులు చేయగలవు గనుక, భారీవిమానము వెంట మధ్యమవిమానము వచ్చునప్పుడు 5 మైళ్లును, లఘువిమానము వచ్చునప్పుడు 6 మైళ్లును విడువవలెను. రాడారు లేనిచోట ఇదే పనిని గడియారముతోను, పైలట్లు తెలుపు స్థానములతోను జరుపుదురు. ఒకే ఎత్తున ఒకదానివెనుక నొకటి పోవు విమానముల మధ్య పది నిమిషముల వ్యవధి అట్టివానిలో ఒకటి. ఈ రెంటి తారతమ్యమును చూచినచో రాడారు వలన ఆకాశము ఎంత విశాలమైనదో బోధపడును.

నియంత్రణాధికారి ఒక్కొక్క విమానమునకు దిశను, వేగమును, ఎత్తును ఆదేశించుచు, రన్‌వే మధ్యరేఖ పొడిగింపునకు సామాన్యముగా 30 డిగ్రీలకు మించని కోణమున తెచ్చి ఐ.ఎల్.ఎస్. అను అవతరణసాధనమునకు అప్పగించును. ఈ సాధనమునందు ఒక ప్రసారిణి పార్శ్వమార్గమును, మరియొకటి సామాన్యముగా 3 డిగ్రీల వాలుగల గ్లైడ్ పాత్‌ను సూచించును. రెంటియందును 90, 150 హెర్ట్జ్ సంకేతముల తారతమ్యమే మార్గదర్శి. విమానమును గ్లైడ్ పాత్‌కు క్రిందినుండియే తీసికొనిరావలెనని నియమము. ఏలయన నిజమైన పథమునకు పైన, నిటారుగా నుండు మిథ్యాపథములు ఆ ప్రసారిణి స్వభావము వలననే ఏర్పడుచుండును. పైనుండి వచ్చు విమానము వానిలో చిక్కుకొన్నచో, యంత్రము సరిగానున్నట్లే చూపుచుండగా, మిక్కిలి వేగముగా నేలవైపు దిగును. మొదటితరగతి ఐ.ఎల్.ఎస్. యందు రన్‌వేకు 200 అడుగుల ఎత్తున పైలట్ నిర్ణయము గైకొనవలెను. రన్‌వే గాని, దాని దీపములు గాని అప్పటికి కానరానిచో మరల పైకి లేచిపోవలెను. రెండవ తరగతిలో ఈ ఎత్తు 100 అడుగులు.

నేలపైనుండి మాటలతోనే విమానమును దింపు పద్ధతి యొకటి ఐ.ఎల్.ఎస్. వ్యాప్తికి ముందు ప్రసిద్ధమై యుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో లూయీ ఆల్వరెజ్ రూపొందించిన ఈ విధానమునందు, ఒక ప్రసారిణి అడ్డముగాను, మరియొకటి నిలువుగాను ఊగుచు విమానమును గమనించును. ఎత్తును విమానము చెప్పనక్కరలేకయే కొలువగల అవతరణ రాడారు ఇది యొక్కటే. 1948-49 బెర్లిన్ దిగ్బంధకాలమున దట్టమైన మేఘములలో సరకులవిమానములు నిర్విరామముగా దిగుటకు ఇది ముఖ్యసహాయమయ్యెను. యౌవనమున బ్రిటిష్ వాయుసేనలో ఈ యంత్రముతో పనిచేసిన ఆర్థర్ సి. క్లార్క్ ఆ అనుభవమును నవలగా వ్రాసెను. పౌరవిమానాశ్రయములు క్రమముగా దీనిని విడిచిపెట్టినను, సైనికవిమానాశ్రయములలో ఇది నిలిచియున్నది.

ప్రమాదములు, పాఠములు

1996 నవంబరు 12న సాయంకాలమున హర్యానాలోని చర్ఖీ దాద్రీ గ్రామసీమలపై రెండు విమానములు ఢీకొనెను. సౌదీ విమానసంస్థకు చెందిన బోయింగ్ 747 ఢిల్లీనుండి బయలుదేరి పైకెక్కుచుండెను. కజఖిస్తాన్ దేశపు ఇల్యూషిన్ 76 ఢిల్లీలో దిగుటకై అదే వాయుమార్గమున ఎదురుగా వచ్చుచుండెను. మొదటిదానికి 14,000 అడుగులును, రెండవదానికి 15,000 అడుగులును నిర్ణయింపబడెను. ఆ వెయ్యి అడుగులే వాని మధ్యనున్న రక్షణ. కజఖ్ విమానము తన హద్దును దాటి క్రిందికి దిగెను. అప్పటికి ఢిల్లీ నియంత్రణకేంద్రమునకు ప్రాథమిక రాడారు మాత్రమే యుండుటచేత, తెరపై రెండు చుక్కలు సమీపించుట అధికారికి కానవచ్చెను గాని, వాని ఎత్తులు కానరాలేదు. పైలట్లు చెప్పినదానినే ఆయన నమ్మవలసి యుండెను. రెండు విమానములలోని 349 మందియు మరణించిరి. జస్టిస్ ఆర్.సి. లాహోటీ విచారణసంఘము కజఖ్ సిబ్బంది అనుమతికి లోబడని అవరోహణమును కారణముగా నిర్ణయించెను. పిమ్మట వచ్చుపోవు విమానములకు వేరువేరు మార్గములును, ద్వితీయ రాడారులును ఏర్పడెను. ఎదురెదురుగా వచ్చు విమానములు ఒకదానినొకటి ప్రశ్నించుకొని పైలట్లను తామే హెచ్చరించు పరికరము మనదేశమున విధిగా నిర్ణయింపబడెను. దోషము పైలట్లదే యైనను, ఆ దోషమును చూడగల కన్ను నేలపై లేకపోవుట సామాన్యమైన లోటు కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

కన్నున్నను మూసియుంచినచో ఫలమేమో 1997 ఆగస్టు 6న గ్వామ్ ద్వీపమున తెలియవచ్చెను. కొరియన్ ఎయిర్ వారి బోయింగ్ 747 వర్షములో దిగుచు, రన్‌వేకు దూరముననే యున్న నిమిట్జ్ కొండను ఢీకొని, 254 మందిలో 228 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ దినమున గ్లైడ్ పాత్ మరమ్మతులో నుండెను. విమానము కనీసభద్రమైన ఎత్తునకు దిగువకు పోయినప్పుడు నియంత్రణాధికారిని హెచ్చరించు గణకవ్యవస్థ అచ్చట కలదు; కాని నిష్కారణమైన హెచ్చరికలు విసిగించుచుండుటచే దానిని విమానాశ్రయపు చుట్టుపట్ల ఇంచుమించు పూర్తిగా నిలిపియుంచిరి. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపమున టి.డబ్ల్యు.ఎ. విమానము కొండను తాకి 92 మంది మరణించిన పిదప బలపడిన ఏర్పాట్లలో ఈ హెచ్చరికయు ఒకటి. ప్రాణములు చెల్లించి సంపాదించిన రక్షణను విసుగునకు వెరచి నిలిపివేయుట మిక్కిలి విచారకరము.

మనకు సమీపముననున్న మంగళూరులో 2010 మే 22న జరిగిన ప్రమాదము ఇంకను విచారణీయము. దుబాయినుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737-800, గుట్టశిఖరమును చదునుచేసి నిర్మించిన 2,450 మీటర్ల రన్‌వేపై సుమారు 5,200 అడుగులు దాటిన పిదప నేలను తాకి, అంచును మించి లోయలో పడెను. 166 మందిలో 158 మంది మృతులైరి. మంగళూరు ద్వితీయ రాడారు మే 20 మొదలుకొని పనిచేయుట లేదు. అందువలన విమానమును రాడారులేని పద్ధతిలో నడుపవలసివచ్చి, క్రిందికి దిగుటకు అనుమతి ఆలస్యముగా లభించెను. విమానము ఉండవలసిన ఎత్తునకు చాల పైనుండి రన్‌వేను సమీపించెను. అయినను విచారణన్యాయస్థానము ప్రధానకారణముగా నిర్ణయించినది కెప్టెన్ ఆ అస్థిరమైన అవతరణమును విరమింపకపోవుటయే. సహపైలట్ మరల పైకెగయవలెనని చెప్పెను, విమానమునందలి యంత్రము పలుమారులు హెచ్చరించెను. సుదీర్ఘనిద్రనుండి అప్పుడే మేల్కొనిన కెప్టెన్ వానిని మన్నింపలేదు. రాడారు లేకపోవుట ప్రమాదమును కలిగింపలేదు. కాని ప్రమాదమునకు తావిచ్చిన ఎత్తునకు అదియు నొక కారణమయ్యెను. నేలపై లోపించిన సహాయమునకు ప్రతిగా విమానమునందు ఎంత అధికమైన జాగ్రత్త వహింపవలెనో దీనివలన తెలియును.

హైదరాబాదు ఆకాశము

హైదరాబాదు చుట్టును నాలుగు ముఖ్యవిమానాశ్రయములు కలవు. శంషాబాదులో 4,260 మీటర్ల ప్రధాన రన్‌వేపై ప్రయాణికుల విమానములు దిగుచుండ, హకీంపేటలోను, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోను వాయుసేనాశిక్షణ జరుగుచుండును. బేగంపేటలో ప్రముఖుల విమానములును, సైనికవిమానములును వచ్చిపోవుచుండును. కావున తార్నాక మీదుగా కనబడు ఆకాశఖండము ఒక్క అధికారమునకు లోబడినది కాక, పౌర సైనిక నియంత్రణకేంద్రముల మధ్య నిరంతరసంప్రదింపులచే నడుచునట్టిది. శంషాబాదు విమానాశ్రయమును నిర్వహించునది ప్రైవేటు సంస్థయైనను, ఆకాశనియంత్రణము మాత్రము 1995లో ఏర్పడిన భారత విమానాశ్రయ ప్రాధికారసంస్థ చేతిలోనే యున్నది. ఆ సంస్థ నియంత్రణాధికారులకు శిక్షణ యిచ్చు కేంద్రములలో ఒకటి బేగంపేటలోనే కలదు.

శంషాబాదు రన్‌వే సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైగా నున్నది. పైలట్ యొక్క ఎత్తుమాపకము సముద్రమట్టమునుండి లెక్కించును గనుక, రన్‌వేను తాకు క్షణమునను అది రెండువేల అడుగులను చూపుచుండును. స్థానికపీడనమును ఒక్క హెక్టోపాస్కల్ తప్పుగా అమర్చినచో, ఎత్తు సుమారు 30 అడుగులు తప్పిపోవును. వాయుపీడనమును నియంత్రణాధికారి చెప్పగా పైలట్ మరల చదివి వినిపించుట ఈ కారణమున లాంఛనప్రాయము కానేరదు.

ఉపగ్రహములు, ఉస్మానియా పరిశోధన

ఉపగ్రహసంకేతములచే విమానము తన స్థానమును తానే కనుగొని ప్రకటించు విధానము నేడు రాడారునకు తోడుగా వచ్చినది. ఇందును ఎత్తే దుర్బలమైన కొలత. దిశావిషయమున ఉపగ్రహములు విమానమునకు అన్నివైపులను ఉండి ఒకదానిదోషమును మరియొకటి సరిచేయును. నిలువు విషయమున అన్నియు పైననే యుండును, క్రింద ఒక్కటియు నుండదు. దీనికితోడు అయనావరణము సంకేతములను ఆలస్యపరచును. ఆ పొరలోని ఎలక్ట్రానుల రాశి ఒక్క ప్రమాణము పెరిగినప్పుడు జి.పి.ఎస్. మొదటి ఆవృత్తిపై దూరము 16 సెంటీమీటర్లు అధికముగా తోచును; నూరు ప్రమాణములు పెరిగినచో దోషము 16 మీటర్లగును.

ఐరోపా, అమెరికాలలో అయనావరణము చాలవరకు ప్రశాంతమైనది. భారతదేశముపై అట్లు కాదు. అయస్కాంతభూమధ్యరేఖ దేశపు దక్షిణాగ్రమునకు సమీపమున పోవుచుండగా, మధ్యాహ్నమున అచ్చటినుండి పైకెగసిన ఎలక్ట్రానులు ఉత్తరమున అయస్కాంతాక్షాంశము 15 డిగ్రీల ప్రాంతమున గుట్టగా చేరును. హైదరాబాదు ఈ గుట్టకును భూమధ్యరేఖకును నడుమ, ఎలక్ట్రానుల రాశి కొలదిదూరములోనే వేగముగా మారు వాలుపై నున్నది. సూర్యాస్తమయానంతరము, విశేషముగా విషువత్కాల మాసములందు, ఆ పొరలో బుడగలవంటి శూన్యప్రదేశములు లేచి, వానిగుండ వచ్చు సంకేతములు మినుకుమినుకుమని క్షీణించి, ఒక్కొక్కప్పుడు గ్రాహకమునకు అందకయే పోవును. నక్షత్రముల స్థానములను ఫోటోలు తీసి కొలిచిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సంక్రమించినది; ఆకాశమునందలి వస్తువుల స్థానమును కొలుచు సంప్రదాయము ఆ విద్యాలయమునకు క్రొత్తది కాదు. ప్రాంగణమునందలి పరిశోధన శిక్షణ కేంద్రమువారు ద్విఆవృత్తి గ్రాహకములతో ఎలక్ట్రానుల రాశిని, సంకేతముల మినుకును నమోదుచేసి, ఆలస్యమును ముందుగా అంచనావేయు గణితనమూనాలను రచించుచు, విద్యార్థులను ఈ శాస్త్రమున నిష్ణాతులను జేయుచున్నారు.

భారత విమానాశ్రయ ప్రాధికారసంస్థయు, ఇస్రోయు కలసి నిర్మించిన గగన్ వ్యవస్థకు ఇట్టి దత్తాంశమే ఆధారము. దేశమంతట 15 స్థిరకేంద్రములు జి.పి.ఎస్. దోషములను కొలువగా, బెంగళూరులోని ప్రధానకేంద్రము సవరణలను లెక్కించి, జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 ఉపగ్రహముల ద్వారా విమానములకు అందజేయును. 2015 ఏప్రిల్‌లో ఇది నిలువు మార్గదర్శనముతో కూడిన అవతరణమునకు ధ్రువీకరణమును పొందెను; భూమధ్యరేఖాప్రాంతపు అయనావరణమున అట్టి ధ్రువీకరణము పొందిన మొదటి వ్యవస్థ ఇదియే. 2022 ఏప్రిల్‌లో ఇండిగో సంస్థవారి ఏటీఆర్ విమానము రాజస్థానులోని కిషన్‌గఢ్‌లో ఐ.ఎల్.ఎస్. లేకయే దీని సహాయమున దిగెను. రాడారునకు గాని, ఐ.ఎల్.ఎస్.కు గాని వ్యయము భరింపలేని చిన్న విమానాశ్రయములకు ఇది మహోపకారము.

గగన్ ధ్రువీకరణము పొందిన ఈ తరగతి అవతరణమున లెక్కింపబడిన ఎత్తు 50 మీటర్లకు మించి తప్పగల సందర్భమేర్పడినచో, పది సెకనులలోపల పైలట్‌ను హెచ్చరింపవలెను. నిర్ణయము గైకొనవలసిన ఎత్తు 250 అడుగులకు తగ్గరాదు. ఐ.ఎల్.ఎస్. మొదటితరగతితో సమానముగా 200 అడుగులకు దిగవలెనన్నచో, ఆ 50 మీటర్ల హద్దు 35 మీటర్లకు కుదింపబడవలెను. అమెరికాలో ఇది సాధ్యమైనది. భారతాకాశమున దానికి అడ్డుపడునది సూర్యాస్తమయానంతరము అయనావరణమున లేచు ఆ బుడగలే. పదునొకండు సంవత్సరముల సౌరచక్రము ఉచ్ఛస్థితికి వచ్చినప్పుడు అవి అధికమగుటచే, పూర్తిచక్రము పొడవునను సేకరించిన కొలతలు లేక ఆ పదునైదు మీటర్ల వ్యత్యాసమును తీర్చు నమూనా సిద్ధము కాజాలదు.